బొమ్మ కొలత, దేవుని కొలత



ఆడపిల్ల చేతిలోని బొమ్మను గూర్చి సంఘ పత్రికలో వ్రాయనేల అని కొందరు అడుగవచ్చును. బొమ్మతో ఆడుకొనుట పాపము కాదు. అయితే మన బిడ్డ తన్ను తాను దేనితో పోల్చుకొని పెరుగుచున్నది అనునది చిన్న ప్రశ్న కాదు.

బార్బీ బొమ్మను మనలో చాలమంది ఎరుగుదురు. అమెరికాలో మేటెల్ కంపెనీని స్థాపించినవారిలో ఒకరైన రూత్ హ్యాండ్లర్ 1959 మార్చిలో దానిని న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో పెట్టెను. ఆమె ఉద్దేశము చెడ్డది కాదు. ఆనాడు అక్కడి ఆడపిల్లలకు దొరికినవి ఎక్కువగా చంటిబిడ్డల బొమ్మలే. తన కుమార్తె కాగితపు బొమ్మలను పెద్ద స్త్రీలుగా ఊహించుకొని ఆడుట చూచి, ఎదిగిన స్త్రీ బొమ్మ ఉండవలెనని ఆమె తలంచెను. అయితే ఆమె మాదిరిగా తీసికొన్నది జర్మనీలో పెద్దల వినోదము కొరకు అమ్మిన లిల్లీ అను బొమ్మను. ఆ సన్నని నడుము, ఆ పొడవైన కాళ్ళు అక్కడనుండి వచ్చినవే.

పదకొండున్నర అంగుళముల ఆ బొమ్మను మనిషి ఎత్తుకు పెంచి లెక్క కట్టిన పరిశోధకులు, అట్టి శరీరము లక్షమంది స్త్రీలలో ఒక్కరికైనను ఉండుట అరుదని 1996లో వ్రాసిరి. 1965లో వచ్చిన ఒక బార్బీతో బుల్లి తూనిక యంత్రము కూడ ఇచ్చిరి. దాని ముల్లు 110 పౌండ్లు, అనగా సుమారు 50 కిలోల దగ్గరనే నిలిచియుండెను. ప్రక్కన బరువు తగ్గుటను గూర్చిన చిన్న పుస్తకము. అందులోని ఉపాయము తినకుండుటయే!

2006లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఇంగ్లండులో అయిదున్నర మొదలు ఎనిమిదున్నర ఏండ్ల వరకు గల 162 మంది ఆడపిల్లలకు బొమ్మల పుస్తకములు చూపిరి. బార్బీ చిత్రములు చూచిన చిన్నపిల్లలు మిగిలినవారికంటె తమ శరీరము విషయమై తక్కువ తృప్తి కనుపరచి, ఇంకను సన్నబడవలెనని కోరిరి. వారిలో పెద్దపిల్లలకు మాత్రము ఆ తేడా అప్పటికప్పుడు కనబడలేదు. 2016లో కంపెనీవారే పొడుగు, పొట్టి, కొంచెము బొద్దు శరీరములు గల బార్బీలను తెచ్చిరి. అది మంచి మార్పే.

రూత్ హ్యాండ్లర్ కథ అక్కడితో ముగియలేదు. 1970లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఒక రొమ్ము తీసివేయవలసి వచ్చెను. ఆమెకు సరిపడు కృత్రిమ రొమ్ము బజారులో దొరకలేదు. అందుచేత తానే మంచివి చేయించి, దుకాణములకు వెళ్ళి, తనవంటి స్త్రీలకు స్వయముగా అమర్చెను. లోపమెరుగని బొమ్మను లోకమునకిచ్చిన చేతులే, శరీరములో కొంత కోల్పోయిన స్త్రీలు తలయెత్తి నడచుటకు సహాయము చేసెను. బొమ్మకు కాన్పు లేదు, జబ్బు లేదు, ముసలితనము లేదు. మన శరీరమునకు ఇవన్నియు ఉన్నవి. బొమ్మ కొలతతో కొలిచినయెడల బ్రతికియున్న ప్రతి స్త్రీయు తక్కువగానే తేలును.

అయితే తప్పంతయు బొమ్మమీద వేసి మనము తప్పించుకొనగలమా? ఈ పత్రిక చదువు మన కుటుంబములు షోలాపూరులో, బరంపురములో, బళ్ళారిలో, యానాములో ఉన్నవి. పెండ్లి సంబంధములకై దూరము వ్రాయుదుము. మనిషికంటె ముందు ఫోటో వచ్చును. సాక్ష్యముకంటె ముందు ఎత్తు, రంగు వచ్చును. పిల్ల బాప్తిస్మము పొందినదా అని అడిగిన నోటితోనే "రంగు కొంచెం తక్కువేనా?" అని కూడ అడుగుదుము. ఆరాధన ముగిసి మందిరపు మెట్లు దిగకముందే "ఏమ్మా, ఇంత లావయ్యావేంటి?" అందుము. ప్రేమతోనే అన్నామని మన తలంపు. ఆ పిల్ల ఆ రాత్రి అన్నము ముందు నుండి లేచిపోయినది మనమెరుగము. 1975లో మన దేశములో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరులోని "ఫెయిర్" అను మాటను 2020లో తీసివేసిరి. డబ్బా మీద మాట మారినది గాని మన ఇండ్లలో మాట మారలేదు.

ఆరోగ్యము కొరకు చెప్పవద్దా అని అడుగవచ్చును. చెప్పవలసినదే. చక్కెర వ్యాధి గల సహోదరికి ప్రక్కకు పిలిచి మెల్లగా చెప్పు మాట వేరు, పదిమందిలో నవ్వుచు అను మాట వేరు. మొదటిది ఆమె మేలు కోరును, రెండవది ఆమెకు వెల కట్టును.

ప్రవక్తయైన సమూయేలు సైతము యెష్షయి ఇంట ఏలీయాబు ఎత్తును చూచి పొరబడెను. దేవుడు ఆ కొలతను ఒప్పుకొనలేదు. లేయాను ఆమె కండ్లను బట్టి, రాహేలును ఆమె రూపమును బట్టి మనుష్యులు పోల్చిరి. భర్త ప్రేమకు నోచుకొనని లేయాను దేవుడు చూచెను. ఆమె కనిన యూదా వంశముననే మన ప్రభువు పుట్టెను. స్త్రీల అలంకారమును గూర్చి ప్రసంగించుట మనకు సులభమే. అయితే చూచువారి కన్నును గూర్చి ఎన్నిమారులు ప్రసంగించితిమి?

కాబట్టి బిడ్డ చేతిలోని బొమ్మను లాగి పారవేయనక్కరలేదు. ఆమె ఎదుట మన రూపములను, ఇతరుల రూపములను ఎగతాళి చేయకుందము. సంబంధముల కాగితములో రంగు అను వరుసను కొట్టివేయుదము. స్త్రీల సమాజములోను ఆదివారపు బడిలోను పిల్లలను వారి దయనుబట్టి, కష్టపడు గుణమునుబట్టి మెచ్చుకొందము. దేవుడు చేసి మంచిదని చూచిన దానిని చాలదని చెప్పు అధికారము మనకెవరు ఇచ్చిరి? మన కన్నులను, మన నాలుకలను ప్రభువు సరిచేయును గాక. ఆమేన్.