పప్పన్నం తినే పిల్లలూ పరుగెత్తగలరు

పిల్లవాడు హైస్కూలు టీముకు ఎంపికైన వారంలోపే మన ఇళ్ళలోకి ప్రొటీన్ పొడి డబ్బా దిగుతుంది. మాంసం తిని పెరిగిన పిల్లల ముందు మనవాడు ఆగుతాడా అని బెంగ. లెక్క వేసి చూడండి. ఆటలాడేవాళ్ళకు కిలో బరువుకు రోజుకు కనీసం 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. 55 కిలోల అమ్మాయికి అది 66 గ్రాములు. కప్పు ఉడికిన శనగల్లో 14, కప్పు పాలల్లో 8, గుడ్డులో 6 గ్రాములు దొరుకుతాయి. రోజంతా కలుపుకుంటే ఇంటి తిండితోనే సరిపోతుంది. కాకపోతే, అన్నం మీద జారిపోయే పప్పుచారును ఈ లెక్కలో వేసుకోకండి!

అసలు చిక్కు వేళల దగ్గర. బడిలో లంచ్ పదకొండింటికే అయిపోతుంది. ప్రాక్టీసు మూడున్నరకు మొదలై, ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. ఆ మధ్యలో అరటిపండో, ఇడ్లీలో, డబ్బాలో పెరుగన్నమో ఉంటే పిల్లలు ఎనర్జీ డ్రింకుల జోలికి పోరు. అవి పిల్లలకు, టీనేజర్లకు తగవని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లోనే చెప్పింది.

ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం కనిపెట్టుకుని ఉండాలి. 14 నుంచి 18 ఏళ్ళ అమ్మాయికి రోజుకు 15 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అదే వయసు అబ్బాయికి 11 చాలు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మకాయ పిండాలి, భోజనం కాగానే కాఫీ తాగకూడదు. పరుగులు తీసే అమ్మాయికి నెలసరి ఆగిపోతే చదువు ఒత్తిడిలే అని సరిపెట్టుకోవద్దు. తినేది చాలక ఒళ్ళు పొదుపు చేస్తోందేమో డాక్టరుకు చూపించాలి. అలా వదిలేస్తే ఎముకలు బలహీనపడతాయి.

శనివారం ఒంటిపూట ఉండే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. క్రాస్ కంట్రీ పోటీలు ఎక్కువగా పడేదీ శనివారమే. అమ్మతో పాటు తానూ ఉంటానని పిల్ల ముచ్చటపడితే ఏం చెప్పాలి? బాలింతకూ, జబ్బు మనిషికీ ఉపవాసం వద్దని మన పెద్దవాళ్ళే అనేవారు. పోటీకి వెళ్ళే పిల్లను వాళ్ళ సరసన చేర్చితే ఏ దేవుడూ కోప్పడడు.

ఇక మానుకోవలసింది మనమే. పార్టీలో ఎదురుపడగానే “ఏంట్రా ఇలా చిక్కిపోయావ్”, “అమ్మాయి కాస్త ఒళ్ళు చేసిందే” అంటాం. ఈతతో భుజాలు విచ్చుకున్న పదిహేనేళ్ళ పిల్ల ఆ మాట విని రాత్రి భోజనం మానేస్తుంది. పలకరింపే కదా అని మనం మరిచిపోతాం.

2001లో ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన పుల్లెల గోపీచంద్ కూల్‌డ్రింకు ప్రకటనకు ఒప్పుకోలేదని మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అదే సభలో పిల్లల బల్ల నిండా సోడా సీసాలే. ఈసారి మనం జరుపుకునే క్రీడాదినానికి ఆ బల్ల మీద మజ్జిగ, పులిహోర, శనగల సుండల్ పెడదాం. ఏవి ఎంతెంత తేవాలో పిల్లల చేతే లెక్క వేయిద్దాం.