వేడి ఎక్కడికి పోతుంది?

నిజామాబాద్‌లో కంఠేశ్వర్‌కు ఆ పేరు నీలకంఠేశ్వరుడి గుడి వల్ల వచ్చింది. గరళం పట్టిన దేవుడి గొంతు చల్లబడాలని శివాలయాల్లో లింగం మీద ధారాపాత్ర కడతారు. చల్లబరచడమంటే వేడిని లేకుండా చేయడమా, ఇంకోచోటికి తోలేయడమా? ఈ సంగతి డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ తగిలించే చోట నాలుగు పిన్నులుంటాయి: గ్రౌండ్, 12 వోల్టులు, ఫ్యాన్ తన వేగాన్ని బోర్డుకు చెప్పుకునేది ఒకటి, ఎంత వేగంగా తిరగాలో బోర్డు ఫ్యాన్‌కు చెప్పేది ఒకటి. ఈ నాలుగోదాని సంకేతం సెకనుకు దాదాపు 25 వేల సార్లు వచ్చి ఆగుతుంటుంది. ఆ తీగ ఊడితే ఫ్యాన్ ఆగదు, పూర్తి వేగం అందుకుంటుంది. (అదుపు తప్పినా రక్షణ వైపే తప్పాలనుకున్నవాళ్లు తెలివైనవాళ్లు.) ఇంత ఏర్పాటున్నా ఫ్యాన్ రవ్వంత వేడిని కూడా మాయం చేయలేదు. కంప్యూటర్ లాగిన కరెంటు దాదాపు అంతా వేడై గదిలోకే వస్తుంది. మే నెలలో గది 40 డిగ్రీలుంటే, ఎన్ని ఫ్యాన్లు బిగించినా ప్రాసెసర్ అంతకన్నా చల్లబడదు.

మనశ్శాంతి అని మనం మెచ్చుకునేదాంట్లో చాలా భాగం ఇంతే. ఆఫీసులో నవ్వుతూ సర్దుకుపోయిన మనిషి ఇంటికొచ్చి కంచం విసురుతాడు. బయట మాత్రం అతను శాంతమూర్తి. శివుడు మాత్రం హాలాహలాన్ని ఉమ్మలేదు, ఉమ్మితే లోకం మాడిపోతుంది. మింగనూ లేదు, ఆయన కడుపులోనూ లోకాలే ఉన్నాయంటుంది పోతన భాగవతం. గొంతులో ఆపాడు. విషం ఎక్కడికీ పోలేదు, కంఠం నల్లబడింది. మరి స్థితప్రజ్ఞుడికి శీతోష్ణాలు అంటవు కదా అని గీత చదివినవారు అడ్డుపడవచ్చు. రెండో అధ్యాయంలో కృష్ణుడు వాటిని ఓర్చుకోమన్నాడు, పక్కవాడి మీదికి నెట్టమనలేదు. ప్రాణంలేని యంత్రం నుంచి ధర్మం పిండుతారా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. ఫ్యాన్‌కు పాపపుణ్యాలు లేవు, నిజమే. దాన్నుంచి నేను తీసుకునేది నీతి కాదు, లెక్క: వేడి ఎక్కడ తగ్గిందో చూసినవాడు ఎక్కడ పెరిగిందో కూడా చూడాలి. బయటికి పంపితే ఏం పోయింది, ఆకాశానికి కొదవా అంటారా? క్యాబినెట్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి పెట్టి చూడండి. వెనక ఫ్యాన్ వదిలిన గాలే చుట్టు తిరిగి ముందు ఫ్యాన్‌లోకి వస్తుంది. వేడెక్కిందని బోర్డు వేగం పెంచుతుంది, అదే గాలి మళ్లీ, ఈసారి ఇంకాస్త వేడిగా.