కంటికీ చెవికీ లెక్క ఉంది

"మేము చూసేవి అశ్లీలంతో నిండిన సినిమాలు కావు, ఇరాన్, ఇటలీ, జపాన్ దేశాల మంచి చిత్రాలు. వినేవి కూడా తాగి తందనాలాడే పాటలు కావు. బానిసల మనవలు అన్యాయానికి ఎదురుతిరిగి పాడుకున్న జమైకా రెగే పాటలు. ఇందులో తప్పేముంది?" చదువుకున్న ముస్లిం యువకులు ఇలా అడగటం ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. కసిరి పక్కకు నెట్టేయవలసిన ప్రశ్న కాదిది. అడిగేవారిలో ఐదు పూటలా నమాజు చేసేవారూ ఉన్నారు. మంచీ చెడూ ఎంచుకోవాలన్న తపన ఉంది గనుకనే వారు అడుగుతున్నారు.

ముందుగా ధర్మశాస్త్ర చర్చ. దీన్ని క్లుప్తంగానే ముగిద్దాం. లుఖ్మాన్ సూరా 6వ వాక్యంలో ప్రస్తావించబడిన, దైవమార్గం నుంచి మళ్లించే 'వినోద వచనం' అంటే పాటేనని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. నాలుగు మస్లక్‌ల పండితులలో అత్యధికులు చాలా వాయిద్యాలను నిషిద్ధంగానే పరిగణించారు. నిషేధానికి చూపే హదీసులు బలహీనమైనవని ఇబ్నె హజ్మ్ (మరణం 1064) వాదించారు. పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబకర్ (రజి) అభ్యంతరపెట్టటం, దైవప్రవక్త (సఅసం) వారిని పాడుకోనివ్వమనటం హదీసు గ్రంథాలలో ఉన్న సంగతే. అబిసీనియా వాసులు మస్జిదులో బల్లేలతో ఆడుతుంటే ఆయిషా (రజి) దైవప్రవక్త (సఅసం) వెనుక నిలబడి చూశారు కూడా. ఈ విషయంలో ఎవరి మాటపై నిలబడాలో మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ఒక పత్రికా వ్యాసం ఫత్వాకు బదులు కాలేదు.

అయితే అనుమతి ఉందనేవారూ లేదనేవారూ తప్పించుకోలేని ప్రశ్న మరొకటి ఉంది. బనీ ఇస్రాయీల్ సూరా 36వ వాక్యం ప్రకారం వినికిడి, చూపు, హృదయం – ఈ మూడింటి గురించీ విచారణ ఉంటుంది. చెవి ఏం విన్నది, కన్ను ఏం చూసింది అన్న దగ్గర లెక్క ముగిసిపోదు. విన్నదానితో, చూసినదానితో హృదయం ఏం చేసింది? మన రెగే శ్రోత, ప్రపంచ సినిమా ప్రేక్షకుడు జవాబు చెప్పవలసింది ఇక్కడే.

రెగే పుట్టిన నేలను ఒకసారి చూద్దాం. జమైకా కరీబియన్ సముద్రంలోని ద్వీపం. 1655లో దాన్ని స్పెయిన్ నుంచి ఇంగ్లండు లాక్కుంది. చెరకు తోటల కోసం ఆఫ్రికా నుంచి లక్షలాది మందిని ఓడల్లో కుక్కి తెచ్చారు. బానిసత్వం 1834లో చట్టరీత్యా రద్దయినా, పూర్తి విడుదల 1838లో గానీ రాలేదు. ఆ బానిసలలో మన ధార్మిక సోదరులు కూడా ఉన్నారని మనలో ఎంతమందికి తెలుసు? టింబక్టూలో పుట్టి, జెన్నే పట్టణంలో ఖుర్ఆన్ చదువుకున్న అబూబకర్ అస్సిద్దీఖ్ అనే ఆయన యుద్ధంలో బందీగా చిక్కి, అమ్ముడుపోయి జమైకా చేరారు. యజమాని తోట లెక్కలను ఆయన అరబీ అక్షరాల్లో రాసేవారు. 1834లో విముక్తి పొంది తన జీవిత కథను అరబీలో రాసుకున్నారు. మాంచెస్టర్ ప్రాంతపు తోటలో బానిసగా ఉన్న ముహమ్మద్ కబా అరబీలో రాసిన రచన, అందులోనూ నమాజు గురించి రాసినది, నేటికీ నిలిచి ఉంది. మస్జిదు లేదు, మదర్సా లేదు, సొంత పేరు పెట్టుకునే హక్కు కూడా లేదు. అయినా నమాజు ఎలా చేయాలో రాసి పెట్టారు!

బానిసలు వెళ్లిపోయిన తోటలలోకి 1845 నుంచి మన దేశపు ఒప్పంద కూలీలను దించారు. జమైకా వాసులు నేటికీ గంజాయిని 'గంజా' అనే పిలుస్తారు. ఆ మాట ఆ కూలీలతో వెళ్లినదే. మనవాళ్లు మోసుకెళ్లిన వాటిలో ఇదొకటి కావటం విచారకరమే.

1962లో జమైకా స్వతంత్రమైంది. పల్లెల నుంచి వచ్చినవారు రాజధాని కింగ్‌స్టన్ మురికివాడల్లో రేకుల గుడిసెలు వేసుకున్నారు. ఆ వాడల్లోనే 1968 ప్రాంతంలో రెగే రూపు దిద్దుకుంది. నాలుగు దెబ్బల వరుసలో మొదటి దెబ్బను ఖాళీగా వదిలి, మూడోదానిపై డప్పు బరువంతా వేయటం అందులో బాగా ప్రసిద్ధమైన పద్ధతి. ఆ ఖాళీలో వినేవాడి తల తనంతట తానే ఊగుతుంది. బాబ్ మార్లీ (1945-1981) వంటివారు ఆ ఊపు మీద ఎక్కించి పాడినవి ఆకలి, జైలు, పోలీసు లాఠీ, పోయిన స్వదేశం. 2018లో యునెస్కో రెగేను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ మొహమాటం లేకుండా ఒక మాట చెప్పుకోవాలి. చాలామంది రెగే గాయకులు నమ్మిన రాస్తఫారీ మతం ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దైవ స్వరూపంగా భావిస్తుంది, గంజాయి సేవనాన్ని ఆరాధనలో భాగంగా చూస్తుంది. తౌహీద్‌ను నమ్మినవాడు మొదటిదాన్ని అంగీకరించలేడు. మత్తుపదార్థాల నిషేధాన్ని నమ్మినవాడు రెండోదాన్ని అంగీకరించలేడు. పాట బాగుందని అందులోని విశ్వాసాన్ని కూడా గుటుక్కున మింగే యువకులకు ఈ హెచ్చరిక అవసరం. అలాగని పీడితుని ఆక్రందనకు చెవులు మూసుకోవటం కూడా విశ్వాసి లక్షణం కాదు. పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య అడ్డుతెర ఉండదని నేర్పిన ధర్మం మనది. ఆ మొర పెట్టేవాడి మతం ఏదైనా సరే.

మరి ఆ ఆక్రందన మన ఇంట్లో ఏమవుతోంది? ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, టీ కప్పు పట్టుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాము. 'రిలాక్స్' అవుతాము. ఒకరి వీపు మీద పడిన కొరడా దెబ్బ మన అలసట తీర్చే తాళం అయిపోయింది. ఇది పాడినవాడి తప్పు కాదు. 1976 డిసెంబరులో మార్లీ మీద ఆయన ఇంట్లోనే కాల్పులు జరిగాయి. రెండు రోజుల తర్వాత గాయాలతోనే వేదిక ఎక్కి పాడారాయన. 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్ స్టేడియంలో శాంతి కచేరీ జరిగింది. పరస్పరం చంపుకుంటున్న రెండు పార్టీల నాయకులు మైకేల్ మాన్లీ, ఎడ్వర్డ్ సియాగాలను వేదిక మీదకు పిలిచి వారి చేతులు కలిపారు. జనం మైమరచిపోయారు. తర్వాత ఏమైంది? 1980 ఎన్నికల ఏడాదిలో దాదాపు 800 మంది హత్యకు గురయ్యారు. ఆ కచేరీకి పూనుకున్న ఇద్దరు ముఠా నాయకులూ అప్పటికే హతులయ్యారు. తుపాకులు పట్టినవారు ఆ పాటలు విననివారేమీ కాదు, వాటితో పాటు తలలు ఊపినవారే. శాంతిని అనుభవించామన్న తృప్తి వేరు, శాంతికి కట్టుబడి ఉండటం వేరు. ఒకటి ఒక సాయంత్రంలో అయిపోతుంది. రెండోదానికి తుపాకీ కింద పెట్టాలి.

రెగేనూ సినిమానూ కలిపి చూపే చిత్రం ఒకటి జమైకాలోనే వచ్చింది. 1972లో పెర్రీ హెన్జెల్ తీసిన 'ది హార్డర్ దే కమ్'. రెగేను బయటి ప్రపంచానికి చేర్చినవాటిలో దాని పాటలు ముఖ్యమైనవి. పల్లె నుంచి నగరానికి వచ్చిన ఐవన్ అనే యువకుడు ఒక పాట రికార్డు చేస్తాడు. నిర్మాత అతని చేతిలో పెట్టేది 20 డాలర్లు. దిక్కులేక గంజాయి రవాణాలో దిగి, పోలీసులను కాల్చి, పారిపోతూ ఉండగా ఆ పాటే ఊరంతా మోగిపోతుంది. మనకు ముఖ్యమైనది మరో దృశ్యం. నగరంలో అడుగుపెట్టిన కొత్తలో ఐవన్ సినిమా హాలుకు వెళతాడు. తెర మీద కౌబాయ్ చిత్రం. కథానాయకుడు శత్రువుల మధ్య చిక్కుకుంటే, చివరి రీలు దాకా హీరో చావడని హాలులోనివారు ధీమాగా కేకలు వేస్తారు. చివర సముద్రతీరంలో సైనికులు చుట్టుముట్టినప్పుడు ఐవన్‌కు ఆ హాలే గుర్తొస్తుంది. తానే హీరో అనుకుని ఎదురు వెళతాడు, ప్రాణాలు పోగొట్టుకుంటాడు. తెర మీద చూసినదే జీవితమనుకున్నవాడి గతి అది. అతని చావును చూసి, పాటలు బాగున్నాయని చెప్పుకుంటూ బయటికొచ్చే మనం కూడా మరో హాలులో కూర్చున్నవారమే కదా!

ఇటలీకి వెళదాం. 1948లో విట్టోరియో డిసీకా తీసిన 'బైసికిల్ థీవ్స్' పేరు వినని సినిమా ప్రియులు ఉండరు. సైకిలు పోతే ఉపాధే పోయే నిరుపేద తండ్రి కథ. ఆ పాత్ర వేసిన లాంబెర్టో మాజొరానీ నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. చిత్రం ప్రపంచమంతా కంటతడి పెట్టించింది. ఆయన మాత్రం తిరిగి ఫ్యాక్టరీకే వెళ్లారు. కొంతకాలానికి కార్మికులను తగ్గించినప్పుడు ఆయన ఉద్యోగమూ పోయింది. సినిమాలో బాగా సంపాదించి ఉంటాడని తోటివారి అనుమానం. తాపీ పని చేశారు, చిన్నా చితకా వేషాలు వేశారు, 1983లో రోమ్‌లో మరణించారు. తెర మీది పేదవాని కోసం ఏడ్చిన లోకంలోనే అసలు మనిషి పని కోసం గడప గడపా తిరిగాడు.

ఇది చదివి, అయితే సినిమాతో మేలే లేదా అని కొందరు అడగవచ్చు. ఉంది. మన దేశంలోనే దాఖలా ఉంది. బొంబాయి వీధి బాలలపై మీరా నాయర్ తీసిన 'సలామ్ బాంబే' 1988లో వచ్చింది. జాతీయ పురస్కారం పొందిన అందులోని ప్రధాన బాలనటుడు తర్వాత బెంగళూరులో ఆటో నడుపుకోవలసి వచ్చింది. మాజొరానీ కథే మళ్లీ జరిగినట్లు లేదూ? కాని అదే ఏడాది, అదే చిత్రబృందం పూనికతో సలామ్ బాలక్ ట్రస్ట్ మొదలైంది. ఢిల్లీ, ముంబాయిలలో వీధి బాలలకు అది గూడు, చదువు, వైద్యం కల్పిస్తూ వచ్చింది. చిత్రం చూసినవారందరూ కంటతడి పెట్టారు. ఆ తడిని పనిగా మార్చినవారు మాత్రం కొందరే.

ఇమామ్ గజాలీ (మరణం 1111) పాట వినటం గురించి ఇహ్యాలో సుదీర్ఘంగా చర్చించారు. ఆయన చెప్పినదాని సారం ఏమిటంటే పాట మనసులో లేనిదాన్ని తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని కదిలిస్తుంది. సినిమాకూ ఇదే వర్తిస్తుందని మా అభిప్రాయం. దయగల మనసును కదిలిస్తే దయ బయటికొస్తుంది. సోమరి మనసును కదిలిస్తే రెండు కన్నీటి బొట్లు రాలతాయి. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. ఏడ్చినవాడికి తాను మంచివాడినన్న నమ్మకం కలుగుతుంది, ఏదో పుణ్యకార్యం చేసి లేచినట్లు హాయిగా నిద్రపడుతుంది. అనాథను నెట్టివేసేవాడిని, చిన్న చిన్న వస్తువులు కూడా ఇవ్వటానికి వెనుకాడే నమాజీలను మాఊన్ సూరా ఎంత కఠినంగా మందలించిందో మనకు తెలుసు. సాక్షాత్తు నమాజే పక్కవాని హక్కుకు బదులు కానప్పుడు, సినిమా చూసి కార్చిన కన్నీరు బదులవుతుందా?

అలాగని మనిషి ఎల్లవేళలా బిగుసుకుని ఉండాలని ఇస్లాం కోరటం లేదు. మీ సన్నిధిలో ఉన్నప్పటి భక్తి భావం ఆలుబిడ్డల మధ్యకు వెళ్లగానే ఉండటం లేదని హజ్రత్ హన్‌జలా (రజి) బాధపడితే, ఒక ఘడియ దానికి, ఒక ఘడియ దీనికి అన్న భావంతో దైవప్రవక్త (సఅసం) ఊరడించారు. మనసుకు విశ్రాంతి కావాలి. కాని ఘడియ అంటే ఘడియే. ఇషా తర్వాత మొదలుపెట్టిన సినిమా రాత్రి రెండింటి దాకా సాగి ఫజ్ర్ నమాజును మింగేస్తే, అది ఏ దేశపు ఉత్తమ చిత్రమైనా ఒకటే. ఆరోగ్యం, తీరిక – ఈ రెండు వరాల విషయంలోనే చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఒకదాని తర్వాత ఒకటి తనంతట తానే మొదలయ్యే ఫోను తెర ముందు కూర్చున్నవారికి ఈ హెచ్చరిక బాగా అర్థమవుతుంది.

మన ఇళ్లలో చాలామంది ఇష్టపడే ఇరాన్ చిత్రం 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997). మజీద్ మజీదీ తీశారు. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఒకే జత బూట్లు మార్చుకుంటూ బడికి పరుగెత్తే ఆ పిల్లలు, మూడో స్థానంలో వస్తే బూట్లు దక్కుతాయని పందెంలో పరుగెత్తి, మొదటి స్థానంలో వచ్చి కుమిలిపోయే ఆ పిల్లవాడు ఎవరినైనా కదిలిస్తారు. ఆ చిత్రం చూసిన మరునాడు మీ మస్జిదు గుమ్మం దగ్గర చెప్పుల వరుసను ఒకసారి గమనించండి. తెగిన వార్లకు పిన్నీసు పెట్టుకున్న పిల్లల చెప్పులు ఒకటి రెండు జతలైనా కనిపిస్తాయి. ఆ పిల్లవాడెవరో, ఏ వీధివాడో కనుక్కోండి. వాడి కాలి కొలత తీసుకోండి. పది మందిలో ఇస్తే వాడు చిన్నబుచ్చుకుంటాడు, ఇంటికి వెళ్లి ఇవ్వండి. ఇందుకు రంజాన్ దాకా ఆగనక్కర లేదు. ఆ లోపు వర్షాకాలం వస్తుంది.