బేరం ఆడితే పాపమా? తులాధారుడి త్రాసు, కిసుము సంత

పోయిన వీడియోలో తులాధారుడి కథ చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక అందులో వదిలేసిన ప్రశ్న ఒకటుంది. మనకంటే బాగా పేదవాళ్ళ దగ్గర సరుకులు కొనేటప్పుడు బేరం ఆడొచ్చా?

ఈ ప్రశ్న మన రైతుబజార్‌లోనూ వస్తుంది. కానీ సేవ చేద్దామని ఇంకో దేశం వెళ్ళినవాళ్ళకి సంచి పట్టుకున్న ప్రతిసారీ వస్తుంది. కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుములో నేను వాలంటీర్‌గా ఉన్న నెలల్లో మా ఇంట్లో దీని మీద జరిగినంత వాదన దేవుడున్నాడా లేడా అన్నదాని మీద కూడా జరగలేదు.

అక్కడ వీధి చివర చెక్కబల్ల వేసుకుని కూరగాయలు అమ్మే ఆవిడని 'మామా మ్బోగా' అంటారు. టమాటాలు చాలాచోట్ల తూచరు, కుప్పలుగా పేరుస్తారు, కుప్పకింత అని ధర. 'సుకుమా వికీ' అనే ఆకుకూర అడిగితే అక్కడే కత్తితో సన్నగా తరిగిచ్చేస్తుంది. ఆ పేరుకి అర్థం 'వారాన్ని నెట్టు' అని. అంటే చేతిలో డబ్బులు తక్కువున్నప్పుడు వారం గడిపించే కూర అన్నమాట. పెసలు 'న్డెంగు', కొత్తిమీర మాత్రం 'దానియా'నే. డబ్బులు ఫోన్లో ఎం-పెసాతో కట్టేస్తాం. అది 2007లోనే వచ్చింది, మన యూపీఐకి తొమ్మిదేళ్ళు పెద్ద. అంతా అయ్యాక 'ఓంగెజా' అంటే ఇంకో రెండు టమాటాలు వేస్తుంది. అచ్చం మన కొసరే!

మా ఇంట్లో రెండు పార్టీలు. ఒక పార్టీ, "చెప్పినంత ఇచ్చేద్దాం, ఇరవై షిల్లింగులు మనకో లెక్కా?" అనేది. రెండోది, "ఈ తలనొప్పంతా ఎందుకు, సూపర్‌మార్కెట్‌కి పోదాం, ధర రాసుంటుంది" అనేది.

రెండో పార్టీ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. ఆ ఊరి మనుషుల కోసమని వెళ్ళి, ఆ ఊరి మనుషులతో మాట్లాడాల్సిన ఒకే ఒక్క మామూలు పనిని తప్పించుకోవడం నాకెందుకో నచ్చలేదు.

మొదటి పార్టీది చూడ్డానికి దయలాగే ఉంటుంది. కానీ ఆ ఇరవై షిల్లింగులు ఏంటసలు? ధర కాదు, ఎందుకంటే పక్కింటావిడకి అదే కుప్ప తక్కువకి వస్తోంది. పోనీ దానమా? గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని మూడు రకాలు చేసి చెప్తాడు. తగిన చోట, తగిన సమయంలో, తగినవాళ్ళకి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది సాత్వికం. ఎదుటివాళ్ళని చులకన చేస్తూ ఇచ్చేది తామసం. పొద్దున్నే సరుకు తెచ్చుకుని, బల్ల సర్ది, వ్యాపారం చేస్తున్న మనిషిని మనసులో 'పాపం' అనేసుకుని చిల్లర వదిలేస్తే అది ఏ రకంలోకి వస్తుంది? ఆవిడ అడిగింది కొనేవాళ్ళని, జాలిపడేవాళ్ళని కాదు.

పైగా మనం అక్కడ వట్టి విదేశీయులం కూడా కాదు. 'మ్‌హిందీ'లం, అంటే ఇండియన్లం. ఆ రైలు మార్గం మొంబాసా నుంచి 1901లో కిసుము చేరింది. దాన్ని వేసినవాళ్ళలో మన దేశం నుంచి తీసుకెళ్ళిన వేలమంది కూలీలున్నారు. వాళ్ళ వెనకే వ్యాపారులు వచ్చారు. స్వాహిలీలో అంగడిని 'దుకా' అంటారు, మన దుకాణమే అది. వందేళ్ళకి పైగా అక్కడి జనం ఇండియన్‌ని ఎక్కువగా కౌంటర్‌కి అవతలి వైపే చూశారు. అలాంటి ఊళ్ళో మనం పైసా పైసాకీ పీడించి బేరమాడితే ఒక పాత బొమ్మ గుర్తొస్తుంది. డబ్బులు విసిరేస్తే ఇంకో పాత బొమ్మ. ఇది మన తప్పు కాకపోవచ్చు, కానీ సంచితో పాటు మోయాల్సిందే.

ఇప్పుడు తులాధారుడి దగ్గరికి వద్దాం. శాంతిపర్వంలో జాజలి కదలకుండా నిలబడి తపస్సు చేస్తే జడల్లో పిట్టలు గూడు పెడతాయి, పిల్లలు చేస్తాయి. అవి ఎగిరిపోయేదాకా ఆయన కదలడు. నిజంగా గొప్ప సేవే! ఆ తర్వాతే "ధర్మం సాధించేశాను" అని భుజాలు చరుచుకుంటాడు. కాశీలో ఒక వ్యాపారి ఉన్నాడు, నువ్వు అతనికి సాటిరావు అని ఆకాశవాణి చెప్తుంది. తీరా వెళ్తే ఆ వ్యాపారి మూలికలూ సుగంధద్రవ్యాలూ అమ్ముకుంటుంటాడు. తన త్రాసు అందరికీ ఒకేలా తూగుతుందని, అదే తన ధర్మమని చెప్తాడు. మనం ఈ కథని అమ్మేవాళ్ళ కోసం అనుకుంటాం. కొనేవాళ్ళ చేతిలోనూ ఒక త్రాసుంటుంది. వాలంటీర్‌కి జాజలి రోగం ఈజీగా పట్టుకుంటుంది: "ఇంత దూరం వచ్చి సేవ చేస్తున్నాను" అన్న బరువు త్రాసులో ఒకవైపు ముందే పడి ఉంటుంది.

అందుకని నా అభిప్రాయం ఇది. ఊరివాళ్ళు ఎంత ఇస్తున్నారో కనుక్కోండి, అంతే ఇవ్వండి, ఎక్కువ చెప్తే నవ్వుతూ బేరమాడండి. కొసరు పెడితే కాదనకండి, అది ఆవిడ మనకి ఇచ్చేది. మనం ఇవ్వదలుచుకున్నది బళ్ళోనో క్లినిక్‌లోనో విడిగా, చప్పుడు చెయ్యకుండా ఇవ్వొచ్చు.

ఒక్క చోట మాత్రం ఈ లెక్క నాకు సరిపోదు. సాయంత్రం. టమాటాలు మెత్తబడ్డాయి, రేపటికి ఉండవు, ఆవిడే ధర సగానికి దించేసింది. అప్పుడు ఇంకా తగ్గించమంటే ఊరివాళ్ళ ధర దొరుకుతుంది కూడా, ఎందుకంటే ఆ పూట ఊరివాళ్ళూ అలాగే అడుగుతారు. కానీ బేరం అనేది ఇద్దరికీ 'వద్దు' అనే వీలున్నప్పుడే బేరం. ఆ టైమ్‌లో ఆవిడకి ఆ వీలు లేదు, మనకుంది. త్రాసు అక్కడే ఒరిగిపోయింది.

ఆ పూట అడిగిన ధర ఇచ్చి, కొసరు అడక్కుండా తెచ్చుకునేవాళ్ళం. మెత్తబడ్డ టమాటాలు పచ్చడికి బాగుంటాయి, ఇంగువ ఇండియన్ దుకాలో దొరికేది.