తలంటు, రెండో రుద్దు

చుండ్రు కనబడగానే మాడు ఎండిపోయిందనుకుని ఇంకాస్త కొబ్బరినూనె పట్టించడం మన ఇళ్లలో రివాజు. పొట్టు అణిగిపోతుంది, దురదా కాస్త తగ్గుతుంది. అందుకే ఆ నమ్మకం అంత గట్టిది. కానీ చుండ్రు వెనకుండే మలసీజియా అనే ఈస్టు బతికేదే మాడు మీది కొవ్వు మీద. దానికి మనమే వడ్డిస్తున్నామన్నమాట. పైగా నూనె మీద జుట్టుకు రాసే సీరంలోని సిలికాన్ పొర కూడా చేరితే వట్టి నీళ్లకు ఏదీ కదలదు.

కుంకుడుకాయ ఉందిగా అంటారా? ఉంది. అందులోని సాపోనిన్లు నూనెను పట్టి నీళ్లలోకి లాగుతాయి. కళ్ల మంట వేరే సంగతి. అయితే కుంకుడైనా షాంపూ అయినా మొదటి నురగ జిడ్డుకే అణిగిపోతుంది, రెండో రుద్దుకే మాడు తేలికపడుతుంది. అలా రుద్దితే జుట్టు ఊడదా? అప్పుడు చేతికొచ్చేవి చాలావరకు ఎలాగూ రాలిపోవలసినవే. గోళ్లు మాత్రం తగలనీయకండి.