పాత మనిషి ఏమైనట్టు?

కొన్నేళ్ళ కిందటి మాట. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె ఒక సోమవారం పొద్దున్నే వచ్చి, కొంగు దోపుకుంటూ, "అమ్మగారూ, ఇక నన్ను పాత పేరుతో పిలవకండి. నిన్న బాప్తిస్మం పుచ్చుకున్నాను" అంది. కొత్త పేరు కూడా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. పేరు మార్చుకున్నంత మాత్రాన మనిషి మారిపోతుందా అనుకున్నాను. దాచడమెందుకు, ఆ తర్వాత చాలా రోజులు పాత పేరుతోనే పిలిచాను. ఆమె పలికేది. కాకపోతే ఒక్క క్షణం ఆగి పలికేది.

బాప్తిస్మం అంటే ఏమిటో నాకు తెలియక కాదు. కాలేజీ రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలు చెప్పేది. నీళ్ళలో మునగడమంటే క్రీస్తుతో పాటు సమాధిలోకి వెళ్ళడమట. పైకి లేవడమంటే ఆయనతో పాటు కొత్త బతుకులోకి లేవడమట. రోమా వాళ్ళకు రాసిన పత్రికలో పౌలు చెప్పింది ఇదే. అంటే పునరుత్థానం చచ్చిపోయాక ఎప్పుడో జరిగేది మాత్రమే కాదు, ఈ బతుకులోనే మొదలయ్యేది కూడానన్నమాట.

మన ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న ఒక్కరోజునే 2,222 మంది ఇలా గుండ్లకమ్మ ఏటిలో మునిగి లేచారు. అంతకు ముందు పెద్ద కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కరువు జనానికి కూలి చూపించిన మిషనరీ క్లౌ దొర, ఆ పనులు సాగినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండిగింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. మునిగిన వాళ్ళలో ఎక్కువమంది ఊరికి ఎడంగా బతికే మాదిగపల్లెల వాళ్ళు. కొత్త మనుషులుగా ఒడ్డుకొచ్చారు సరే, ఊరు వాళ్ళని పిలిచే తీరు మారిందా? అంత తొందరగా మారలేదు. ఆ ఊళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరెక్కడిది? మా పెరటి గుమ్మంలో నేను చేసిందీ అదేగా!

ఒకరోజు ఆమె బాగా ఆలస్యంగా వచ్చింది. తోడికోడలికి జ్వరమట, వండిపెట్టి వచ్చిందట. ఆ తోడికోడలి సంగతి నాకు తెలుసు. ఎప్పుడో గొడవలో వేడివేడి గంజి ఈమె మీద పోసింది. మోచేతి మీద మచ్చ అలాగే ఉంది.

"అంత పని చేసిన మనిషికి వండిపెట్టావా? అప్పుడే మర్చిపోయావా?" అన్నాను.

"మర్చిపోవడం ఎట్టాగమ్మా, రోజూ కనబడుతుంటే!" అని మోచెయ్యి చూపించింది. "మచ్చ ఉంది. మంట లేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సమాధిలోంచి లేచిన క్రీస్తు చేతుల్లో కూడా మేకుల గాయాలు అలాగే ఉన్నాయి కదా! నమ్మని తోమాకు ఆయన చూపించింది వాటినే. అంటే కొత్త బతుకంటే పాతదంతా తుడిచిపెట్టుకుపోవడం కాదేమో. పేతురు సంగతీ అంతే. నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకినవాడు. లేచిన తర్వాత క్రీస్తు తిబెరియ సముద్రపు ఒడ్డున మళ్ళీ నిప్పులే రాజేసి, చేపలు కాల్చి, ముందు అతని కడుపు నింపాడు. ఆ తర్వాత తన మీద ప్రేమ ఉందా అని మూడుసార్లు అడిగాడు. ఎందుకు బొంకావని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. పైగా తన మందను కాచే పని అతనికే అప్పగించాడు.

మనం అలా చెయ్యగలమా? తాగుడు మానేసిన మరిది పెళ్ళికొస్తే, "ఇవాళెలా ఉన్నాడో" అని గుసగుసలాడతాం. పదేళ్ళ కిందట కోడలన్న ఒక్క మాటను బీరువాలో నగలా భద్రంగా దాచుకుంటాం. ఎదుటి మనిషి లేచి నిలబడ్డా, సమాధి మీద రాయి జరపడానికి మనకు చేతులు రావు. మారాల్సింది మారిన వాళ్ళొక్కరే కాదు, వాళ్ళను చూసే మన కళ్ళు కూడా.

మర్నాడు ఆమెను కొత్త పేరుతో పిలిచాను. అలవాటు లేక కాస్త తడబడ్డాను.

ఆమె మాత్రం ఈసారి ఆగలేదు. "వస్తున్నానమ్మా" అంది.