ఉత్సర్గ సమితియు వర్తకుని బాధ్యతయు

తత్త్వార్థ సూత్రమున ఉమాస్వాతి ఆచార్యులు మునికి ఐదు సమితులు చెప్పినారు. నడచునపుడు, పలుకునపుడు, ఆహారము గ్రహించునపుడు, వస్తువును తీసి పెట్టునపుడు ఉండవలసిన మెలకువలు నాలుగు. ఐదవది ఉత్సర్గ సమితి. విడువవలసిన దానిని జీవులు లేని చోటు చూచి విడుచుటయే అది. దేహమునుండి వెడలినంత మాత్రమున బాధ్యత తీరదు. అది పడిన చోట చీమకు హాని కలిగినను ఆ ప్రమాదము విడిచినవానిదే.

ఇది మునులకు చెప్పినది, అంగడిలో కూర్చున్న శ్రావకునికి దీనితో ఏమి పని యని కొందరందురు. అణువ్రతము మహావ్రతమునకు చిన్న తమ్ముడే గాని పరాయివాడు కాడు.

ప్రభుత్వముల చట్టములు ఈ మెట్టునకు ఆలస్యముగా వచ్చినవి. చిరకాలము చెత్తను ఊరి వెలుపలికి మోసి పోయుటయే వాని పని. 1991లో జర్మనీ, సరకు చుట్టిన అట్టపెట్టెలను, డబ్బాలను తిరిగి తీసికొను భారమును తయారుచేసినవారిపైనను అమ్మినవారిపైనను ఉంచినది. జపాను 2000లో చేసిన మూల చట్టమున మొదటి మెట్టు చెత్త పుట్టనీయకుండుట. పిదప తిరిగి వాడుట. ఆ పిదపనే కరగించి మరల చేయుట. చైనా చట్టము 2009 జనవరి 1 నుండి అమలైనది. పదార్థము చక్రమువలె తిరుగవలెనని అన్నిటి ఆశయము.

జపాను పెట్టిన వరుస జైనునికి వెంటనే బోధపడును. కరగించుటకు నిప్పు, కడుగుటకు నీరు కావలెను. అగ్నికాయిక, జలకాయిక జీవుల హింస అందును కలదు. చక్రము ఎంత చక్కగా తిరిగినను, తక్కువ తిప్పుటయే మేలు. పరిమాణ వ్రతము చెప్పునదియు ఇదియే.

మన దేశమున ప్లాస్టిక్ సంచులు మొదలగువాని నిషేధము ఒక్కసారిగా రాలేదు. కర్ణాటకమున 2016లో, మహారాష్ట్రమున 2018లో, తమిళనాట 2019 జనవరి 1న వచ్చినది. ఒడిశాలో బరంపురము మొదలగు కొన్ని పట్టణములకు 2018 అక్టోబరులో వచ్చినది. ఒకసారి వాడి పారవేయు కొన్ని వస్తువులను 2022 జులై 1 నుండి కేంద్రము దేశమంతట నిషేధించినది. రెండు రాష్ట్రములలో కొట్లు గల వర్తకునికి ఆ మధ్యకాలము పరీక్షయే. ఒకచోట చెల్లని సరకును చెల్లుచోటికి తరలించి లాభము నిలుపుకొనవచ్చును గదా! చట్టము పట్టుకొనదు, విషము మాత్రము ఊరు మారినదే గాని తగ్గలేదు.

అంతకంటె సూక్ష్మమైనది పత్రముల సంగతి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన నియమముల ప్రకారము, ప్లాస్టిక్ చుట్టలలో సరకు పంపు ఉత్పత్తిదారులు, దిగుమతిదారులు, తమ గుర్తుతో అమ్మువారు, నిర్ణీత పరిమాణమును తిరిగి వాడుకకు తెచ్చినట్లు పత్రములు చూపవలెను. శుద్ధి చేయు కార్ఖానాలనుండి వానిని కొననూవచ్చును. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో 6 లక్షల నకిలీ పత్రములు బయటపడినవి. కరగని ప్లాస్టిక్ కాగితముమీద కరగినది!

అచౌర్య వ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. వానిలో విరుద్ధ రాజ్యాతిక్రమమనగా రాజశాసనమును దాటి వ్యాపారము చేయుట. ప్రతిరూపక వ్యవహారమనగా అసలును పోలిన నకిలీతో వ్యవహరించుట. తూకములో పావుసేరు తగ్గించుటకు వెరచు ఇంటివారు సయితము, చవుకగా దొరకిన పత్రము ఎక్కడిదని అడుగుటకు బద్ధకింతురు. అమ్మినవాని కార్ఖానా ఏ ఊరిలో ఉన్నది, అచ్చట ఎన్ని బస్తాలు దిగినవి, ఎన్ని కరగినవి యని కొనువాడే విచారింపవలెను. ఆ విచారణ చేయని సంవత్సరమున, ప్రతిక్రమణ వేళ అచౌర్యాతిచారములను తలచునపుడు ఈ పత్రముల లెక్కయు వానిలో చేరును.